భావానికి గట్టు: క్రైస్తవ ఆరాధనపై రొమాంటిక్ ఆలోచన ముద్ర

1802 ఏప్రిల్ 18, ఈస్టర్ ఆదివారం. పారిస్‌లోని నోత్రదామ్ కెథెడ్రల్‌లో జరిగిన పూజకు ఆ రోజు నెపోలియన్ స్వయంగా వచ్చాడు. పోపుతో కుదిరిన ఒప్పందాన్ని దేశమంతటికీ చాటిన రోజది. 1793 నవంబరులో విప్లవకారులు ఇదే గుడిలో హేతువుకు పట్టం కట్టి ఉత్సవం చేశారు. తొమ్మిదేళ్లు తిరక్కముందే మళ్లీ అక్కడ పూజ, గంటలు, పాటలు. ఈ పండుగకు సరిగ్గా నాలుగు రోజుల ముందు ఫ్రెంచి రచయిత షతోబ్రియాన్ రాసిన 'క్రైస్తవ మత ప్రతిభ' అనే పుస్తకం బయటికొచ్చింది. ప్రభుత్వ పత్రిక ఈస్టర్ నాడే దాని మీద సమీక్ష వేసింది.

దేవుడు ఉన్నాడనడానికి రుజువులు ఆ పుస్తకంలో కొన్ని ఉన్నాయి గానీ, దాని బరువంతా వేరేచోట ఉంది. పల్లెటూరి గుడిగంట పొలాల మీదుగా వినిపిస్తే మనసుకు ఏమవుతుంది? మధ్యయుగపు గోతిక్ శైలి గుడిలో అడుగు పెట్టగానే పాత గాల్ దేశపు (అప్పటి ఫ్రాన్స్) అడవుల్లోకి వెళ్లినట్టు ఎందుకు అనిపిస్తుంది? సమాధుల మధ్య చేసే ప్రార్థనలో ఆ బరువు ఎక్కడిది? షతోబ్రియాన్ పట్టించుకున్నవి ఇలాంటి సంగతులు. తల్లి, అక్క పోయిన దుఃఖంలో తనకు విశ్వాసం తిరిగి వచ్చిందని చెబుతూ ముందుమాటలో ఒక చిన్న వాక్యం రాశాడు: ఏడ్చాను, నమ్మాను.

చర్చిలో కన్నీళ్లు కొత్తేమీ కాదు. 4వ శతాబ్దంలో మిలాన్ నగరంలో కీర్తనలు వింటూ క్రైస్తవ వేదాంతి అగస్టీన్ కూడా ఏడ్చాడు. అయితే పాటలోని మాట కన్నా పాడే గొంతే తనను ఎక్కువగా కదిలిస్తే అది తప్పు కిందే లెక్క అని ఆయన రాసుకున్నాడు. షతోబ్రియాన్‌కు ఆ జంకు లేదు. మనసు అంతగా కదిలిందంటే అక్కడ సత్యం ఉండే ఉంటుందన్నది ఆయన ధీమా. ఈ జంకు పోయి ఆ ధీమా ఎలా వచ్చిందో చూస్తే, రొమాంటిక్ ఉద్యమం ఆరాధనను ఎంత లోతుగా మార్చిందో తెలుస్తుంది.

రొమాంటిక్ అంటే ఇక్కడ ప్రేమకథల సంగతి కాదు. 18వ శతాబ్దం చివర జర్మనీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో సాహిత్యాన్ని, సంగీతాన్ని, తత్వాన్ని ఒక ఊపు ఊపిన కాల్పనికోద్యమం. తెలుగువాళ్లకు భావకవిత్వం ద్వారా దాని రుచి తెలుసు. ప్రకృతి, ఏకాంతం, అందని దానికోసం తపన, లోపలి గొంతు మీద నమ్మకం: కృష్ణశాస్త్రి తరం కవిత్వంలోకి తెచ్చుకున్నవి ఇవే. ఐరోపాలో అంతకు వందేళ్ల ముందే ఇవి చర్చి గడప దాటి లోపలికి వెళ్లాయి.

అవి వెళ్లేసరికి లోపల పరిస్థితి ఏమిటి? జర్మనీ ప్రొటెస్టంట్ చర్చిల్లో హేతువాదపు గాలి బలంగా వీస్తోంది. పాదిరి అంటే ఊరికి చదువు చెప్పే పెద్దమనిషి. బంగాళదుంప సాగు వల్ల లాభాలు, మశూచికి టీకా ఎందుకు వేయించుకోవాలి లాంటివి ప్రసంగాల్లోకి వచ్చాయి. వీటిని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ టీకా మాటలు ఎందరో పిల్లల ప్రాణాలు నిలిపి ఉంటాయి. కానీ అదే ఊపులో పాత కీర్తనలను కూడా దిద్దారు. సాతాను, దేవుని కోపం లాంటి మాటలు చదువుకున్నవాళ్ల చెవికి మొరటుగా తగులుతున్నాయని తీసేసి, సద్గుణం, కర్తవ్యం లాంటివి పెట్టారు. ప్రార్థన పాఠంలా తయారైంది. ఆదివారం గుడికి వెళ్లినవాడు మరికాస్త మంచి పౌరుడై ఇంటికి రావాలి, అదీ లెక్క.

దీనికి విరుగుడు కూడా అప్పటికే ఉంది. జర్మనీలోని హెర్న్‌హుట్‌లో స్థిరపడిన మొరావియన్ సహోదరులు అనే ప్రొటెస్టంట్ భక్తుల సంఘం వాళ్లు గుండె నిండే పాటలతో, కలిసి చేసే ప్రేమవిందులతో తమ ఆరాధన నడుపుకుంటున్నారు. వాళ్ల సహవాసంలోనే, మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1738 మే 24న లండన్‌లో ఒక కూటంలో తన గుండె వింతగా వెచ్చబడిందని రాసుకున్నాడు. కాబట్టి ఆరాధనలో గుండెకు చోటు ఇచ్చింది రొమాంటిక్కులే అనడం అన్యాయం. వాళ్లు చేసిన పని వేరు. గుండెకు ఒక వేదాంతం కట్టి, దాన్ని విశ్వవిద్యాలయం మెట్లు ఎక్కించారు.

ఆ కట్టినవాళ్లలో మొదటి పేరు జర్మన్ వేదాంతి ఫ్రెడరిక్ ష్లైర్‌మాకర్. 1768లో బ్రెస్లావ్‌లో పుట్టాడు, మొరావియన్ల బడుల్లోనే చదివాడు. తర్వాత సందేహాలు ముదిరి వాళ్లను వదిలి వచ్చేశాడు. 1796లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రికి పాదిరిగా వచ్చి, రొమాంటిక్ కవుల గుంపులో కలిశాడు. ఫ్రెడరిక్ ష్లెగెల్‌తో కొన్నాళ్లు ఒకే ఇంట్లో ఉన్నాడు. ఆ స్నేహితులంతా తెలివైనవాళ్లు, కవిత్వమంటే ప్రాణం పెట్టేవాళ్లు, మతమంటే మాత్రం చిన్నచూపు. వాళ్లను ఉద్దేశించే 1799లో 'మతం గురించి' అనే ప్రసంగాలు అచ్చు వేశాడు. మీరు చిన్నచూపు చూస్తున్నది అసలు మతమే కాదు అన్నది అందులో ఆయన వాదన. మతమంటే లోకం గురించిన ఒక సిద్ధాంతం కాదు, నీతి సూత్రాల చిట్టా కూడా కాదు. అనంతమైన దాని స్పర్శ మనిషికి లోపల తెలియడం మతం. 1821–22లో వచ్చిన 'క్రైస్తవ విశ్వాసం'లో ఇదే మాటను ఇంకా బిగించి, మనం పూర్తిగా మరొకరి మీద ఆధారపడి ఉన్నామన్న అనుభూతే భక్తికి మూలం అన్నాడు. ఇక్కడ అనుభూతి అంటే పొద్దునొకటి సాయంత్రమొకటిగా మారే మూడ్ కాదు. అన్ని మూడ్‌లకూ అడుగున ఉండే ఎరుక. ఈ తేడాను ఆయన తర్వాతి వాళ్లు చాలామంది గాలికి వదిలేశారు. ఆ నష్టం ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

ఈ పునాది మీద ఆరాధన అర్థమే మారిపోయింది. ష్లైర్‌మాకర్ మనిషి చేసే పనులను రెండు రకాలుగా చూశాడు. ఒకటి ఏదైనా సాధించడానికి చేసేది. రెండోది లోపల ఉన్నదాన్ని బయటికి చూపడానికి చేసేది. ఆరాధన ఈ రెండో రకం. సంక్రాంతికి వాకిట్లో ముగ్గు వేస్తున్న ఇల్లాలిని దీనివల్ల లాభమేమిటని ఎవరూ అడగరు. పండుగ ఇంటి నిండా ఉంది కాబట్టి వాకిట్లోకి వచ్చింది. ఆయన దృష్టిలో ఆదివారం ఆరాధన అలాంటిదే: పనిని పక్కనబెట్టిన సమయం, కళకు చుట్టం. ప్రసంగం కూడా పాఠం చెప్పడం కాదు, సంఘం గుండెలో ఇప్పటికే ఉన్నదాన్ని ఒక గొంతు పలకడం. 1806లో ఆయన రాసిన క్రిస్మస్ రాత్రి సంభాషణలో మగవాళ్లు పండుగ అర్థం గురించి వాదించుకుంటూ ఉండగా చివర్లో ఒక మిత్రుడు వస్తాడు. ఈ రాత్రి వాదించే ఓపిక తనకు లేదని, తన ఆనందానికి మాటలు చాలవని చెప్పి, పిల్లను పిలవండి, పాడుకుందాం అంటాడు. ఆయన ఆరాధన వేదాంతమంతా ఆ గదిలో ఉంది.

ఇందులో దక్కినది చాలా ఉంది. ఆరాధనను బడిగా, కోర్టుగా, లేదా దేవుడికి చెల్లించే బాకీగా చూసే అలవాటు నుంచి విడుదల దొరికింది. ఏ ప్రయోజనమూ చూపించాల్సిన అవసరం లేకుండా దేవుని ఎదుట ఉండడానికి మనిషికి అనుమతి దొరికింది. పోయినదీ తక్కువ కాదు. 1544లో జర్మనీలోని టోర్గౌ చాపెల్ ప్రతిష్ఠ నాడు, ప్రొటెస్టంట్ సంస్కరణను మొదలుపెట్టిన లూథర్ ఆరాధన గురించి సూటిగా చెప్పాడు: ప్రభువు తన వాక్యం ద్వారా మనతో మాట్లాడతాడు, మనం ప్రార్థనతో, స్తుతితో బదులిస్తాం. అక్కడ మొదటి మాట దేవుడిది. సంఘం తన అనుభూతిని తానే చూపుకొనే చోట ఆ మొదటి మాట ఎవరిది? ష్లైర్‌మాకర్ దగ్గర దీనికి జవాబు లేకపోలేదు. ఆ అనుభూతి క్రీస్తు నుంచి సంఘంలోకి వచ్చిందే అంటాడు. కానీ ఆయన పేరు చెప్పుకున్న తరాలు ఆ సగాన్ని మరిచిపోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

రొమాంటిక్ మనసుకు ఇంకో ముఖం ఉంది: పాతకాలం మీద బెంగ. ఈ రెండు ముఖాలూ బెర్లిన్‌లోనే ఢీకొన్నాయి. ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్హెల్మ్ 16వ శతాబ్దపు ప్రార్థన పుస్తకాలు దగ్గర పెట్టుకుని తానే ఒక ఆరాధన క్రమం తయారుచేసి, 1820ల మొదట్లో దాన్ని చర్చిలన్నిటికీ ఇచ్చాడు. ష్లైర్‌మాకర్ ఎదురు తిరిగాడు. ఆరాధన సంఘం లోపలి నుంచి పెరగాలి, రాజు చేతి నుంచి రాకూడదని 1824లో మారుపేరుతో రాశాడు. ఒకరికి లోపలి గొంతు, ఇంకొకరికి పాత గొంతు. చూస్తే ఇద్దరూ తమ కాలపు బిడ్డలే.

పాత గొంతు గెలిచిన చోట్లు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి, రాయిలో, గాజులో ఉన్నాయి కాబట్టి. ఇంగ్లండ్‌లో ఎ. డబ్ల్యు. ఎన్. ప్యుజిన్ అనే వాస్తుశిల్పి 1836లో మధ్యయుగపు ఊళ్లను, తన కాలపు ఊళ్లను పక్కపక్కన బొమ్మలు గీసి పుస్తకం వేశాడు. ఒక పక్క గోపురాలు, ఇంకో పక్క ఫ్యాక్టరీ గొట్టాలు. 1839లో కేంబ్రిడ్జ్‌లో జాన్ మేసన్ నీల్, బెంజమిన్ వెబ్ లాంటి కుర్రాళ్లు కామ్డెన్ సొసైటీ పెట్టారు. చర్చి ఎలా కట్టాలో ఊరూరికీ చెప్పడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఇంగ్లిష్ చర్చి అంటే ప్రసంగ వేదిక చుట్టూ తలుపులున్న పెట్టెల్లాంటి బెంచీలు. డబ్బున్న కుటుంబాలు వాటిని తమవిగా ఉంచుకునేవి, బీదవాళ్లు వెనక ఎక్కడో సర్దుకునేవాళ్లు. కామ్డెన్ వాళ్లు ఆ పెట్టెలు పీకించారు. చూపు ప్రసంగ వేదిక నుంచి ప్రభురాత్రి భోజనపు బల్ల వైపు తిరిగేలా తూర్పు భాగాన్ని పొడిగించారు, రంగు గాజులు పెట్టించారు. గోతిక్ మోజు అని దీన్ని కొట్టిపారేసేవాళ్లు ఆ బెంచీల సంగతి గుర్తుంచుకోవాలి. బీదవాడికి చర్చిలో చోటు దొరకడంలో ఆ మోజుకు కూడా చెయ్యి ఉంది.

ఆ రాయి వెనక ఒక వేదాంతం కూడా ఉంది. 1816లో ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ ప్రతీక అనే మాటకు కొత్త అర్థం చెప్పాడు. ప్రతీక అంటే ఒక భావానికి అతికించిన చీటీ కాదు. తాను చూపే సత్యంలో తానూ పాలుపంచుకుంటుంది. కాలానికి లోబడిన వస్తువు గుండా శాశ్వతమైనది వెలుగులా దూరి వస్తుంది. ప్రభురాత్రి భోజనంలో రొట్టె ఉత్తి జ్ఞాపకచిహ్నమా, లేక క్రీస్తు సన్నిధి నిజంగా అందే చోటా అని మూడు వందల ఏళ్లుగా నడుస్తున్న తగవులో ఇది కొత్త దారి తెరిచింది. చిహ్నం, నిజం అనే రెండు మాటలు ఒకదానికొకటి శత్రువులు కానక్కర్లేదన్న ఎరుక వచ్చింది. 20వ శతాబ్దంలో బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం లాంటి సంస్కారాల గురించి కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు కూర్చుని మాట్లాడుకోగలిగారంటే అందులో ఈ ఎరుకకూ వాటా ఉంది.

ఫ్రాన్స్‌లో పాతకాలం మీద బెంగ సంగీతంగా మారింది. 1833లో ప్రాస్పెర్ గెరాంజె అనే యువ కాథలిక్ పాదిరి విప్లవంలో మూతపడ్డ సొలేమ్ మఠాన్ని మళ్లీ తెరిచాడు. గ్రెగోరియన్ గానాన్ని, అంటే కాథలిక్ చర్చి పాత లాటిన్ ఆరాధన గానాన్ని, దాని మొదటి రూపంలో తిరిగి తేవాలన్నది అక్కడి సన్యాసుల పట్టుదల. దానికోసం ఐరోపా లైబ్రరీలన్నీ గాలించి చేతిరాత ప్రతులు నకలు తీసుకున్నారు, తర్వాత ఫొటోలు తీశారు. 1889 నుంచి ఆ ఫొటోలను సంపుటాలుగా అచ్చు వేస్తూ వచ్చారు. వాటిలో ఒకచోట ఒకే ఒక్క పాటను పట్టుకుని, 'నీతిమంతులు ఖర్జూర వృక్షమువలె' అనే కీర్తన మాటల పాటను, రెండు వందలకు పైగా ప్రతుల నుంచి వరసగా చూపించారు. శతాబ్దాల దూరంలో, దేశాల దూరంలో రాసిన ప్రతుల్లో స్వరం దాదాపు ఒక్కటే. పేజీ తర్వాత పేజీ తిప్పుతుంటే అవే చిన్న గీతలు, అవే చుక్కలు, వేరు వేరు చేతుల వంపుతో. బెంగతో మొదలైన పని అంత ఓపికైన శాస్త్రంగా మారడం చూస్తే, రొమాంటిక్కులు ఉత్తి ఊహల్లో తేలేవాళ్లన్న మాట నిలవదు. 1903లో పోప్ పదో పయస్ చర్చి సంగీతం మీద ఇచ్చిన ఉత్తర్వు గ్రెగోరియన్ గానాన్ని పై స్థానంలో నిలబెట్టింది. విశ్వాసులు ఆరాధనలో చురుగ్గా పాల్గొనాలన్న మాట కూడా అందులోనే వచ్చింది. 1963 డిసెంబరు 4న కాథలిక్ బిషపుల రెండో వాటికన్ మహాసభ ఆరాధన మీద వెలువరించిన పత్రానికి ఆ మాటే ప్రాణం.

గెరాంజె దగ్గర ఇంకో సంగతి గమనించాలి. ఆయన దృష్టిలో ఆరాధన ఒక మనిషి గుండె ఊట కాదు, చర్చి మొత్తం కలిసి పలికే ప్రార్థన. జర్మనీలో ట్యూబింగెన్ వేదాంతి మోలర్ 1825లోనే చర్చి అంటే చట్టాల కట్టడం కాదు, ఆత్మ ప్రాణం పోసిన దేహం అన్నాడు. ఏకాంతాన్ని ఎంతగా పొగిడారో సమూహాన్నీ అంతగా ప్రేమించారు రొమాంటిక్కులు. ఇప్పటి చర్చల్లో ఈ రెండో సగం ఎందుకో మాయమైపోతుంది.

అయితే ఈ మొత్తం కథలో అందరికన్నా తక్కువగా పట్టించుకున్నదీ, అందరికన్నా ఎక్కువగా పట్టించుకోవాల్సినదీ జాన్ కేబుల్ అనే పల్లెటూరి పాదిరి ఆలోచన. 1827లో పేరు వేసుకోకుండా 'క్రైస్తవ సంవత్సరం' అనే కవితా సంపుటి వేశాడు. ఇంగ్లండ్ చర్చి వాడే ప్రార్థన పుస్తకంలోని ప్రతి ఆదివారానికీ, ప్రతి పండుగకూ ఒక పద్యం. కేబుల్ బతికుండగానే అది 95 ముద్రణలు చూసింది. 1833 జూలై 14న ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చేసిన ప్రసంగమే, ఇంగ్లండ్ చర్చిని పాత కాథలిక్ సంప్రదాయం వైపు తిప్పిన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమానికి మొదలని ఆ ఉద్యమ నాయకుడు న్యూమన్ చివరిదాకా నమ్మాడు. కేబుల్ రొమాంటిక్ కవి వర్డ్స్‌వర్త్‌ను ఆరాధించేవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో కవిత్వం మీద తాను ఇచ్చిన ఉపన్యాసాలను ఆయనకే అంకితమిచ్చాడు. కానీ గురువు దగ్గర ఆగిపోలేదు.

బలమైన భావాలు తమంతట తాము పొంగి రావడమే కవిత్వం అని వర్డ్స్‌వర్త్ 1800లో రాశాడు. కేబుల్ అడిగింది: పొంగడానికి దారి లేని భావం సంగతేమిటి? మనసు నిండిపోయి, సిగ్గో భయమో దుఃఖమో అడ్డుపడి మాట రానివాడి సంగతేమిటి? అలాంటివాడికి ఛందస్సు మందులా పనిచేస్తుందన్నాడు. పద్యం కట్టడి చేస్తుంది కాబట్టే మనసు నెమ్మదిగా, పరోక్షంగా, తనను తాను బజారున పెట్టుకోకుండా తేలికపడుతుంది. ప్రార్థన పుస్తకం కూడా అలాంటి మందే. సంపుటి ముందుమాటలో ఆయన చెప్పింది ఇదీ: సరైన విశ్వాస నియమం తర్వాత, భక్తి విషయంలో భావానికి ఒక నిదానమైన కొలత ఉండడం కన్నా ముఖ్యమైంది ఇంకొకటి లేదు.

మన పల్లెల్లో దీన్ని చెరువు భాషలో చెబితే వెంటనే తెలుస్తుంది. గట్టు నీటికి శత్రువు కాదు. గట్టు తెగితే నీళ్లు ఎక్కువవవు, ఒక్క రాత్రిలో పోతాయి. అలంకారశాస్త్రం తెలిసినవాళ్లకు ఇంకా దగ్గరి పోలిక ఉంది. పచ్చి భావం రసం కాదు. విభావాలు (భావాన్ని రేపే కారణాలు), అనుభావాలు (అది బయటపడే తీరు), నడక, రాగం తోడైతేనే భావం రసమవుతుంది. భర్త పోయిన ఇల్లాలి ఏడుపు శోకం, రంగస్థలం మీది ఏడుపు కరుణ. కేబుల్‌కు ఈ శాస్త్రం తెలియదు గానీ ఆయన తడుముకుంటూ చేరిన చోటు దీనికి చాలా దగ్గర. రొమాంటిక్ ఆలోచన ఆరాధనకు ఇచ్చిన అసలు కానుక ఇక్కడుంది: భావానికి రూపం కావాలి, రూపానికి భావం కావాలి. చర్చిలు మాత్రం ఎక్కువగా ఒక్కో సగం తీసుకుని వెళ్లిపోయాయి.

ఒక సగం తీసుకున్నవాళ్లు ధూపం, వస్త్రాలు, గోతిక్ కమానులు పట్టుకున్నారు. ఇంకో సగం తీసుకున్నవాళ్లు చదివి చెప్పే ప్రార్థన ప్రార్థనే కాదు, మనసులోంచి అప్పటికప్పుడు రావాలి అన్నారు. ఈ రెండోది ఇంగ్లండ్‌లోని పాత ప్యూరిటన్ల, అంటే చర్చిని ఇంకా శుద్ధి చేయాలన్న ప్రొటెస్టంట్ల, మాటే కదా అనిపించవచ్చు. 17వ శతాబ్దంలో వాళ్లు కూడా అచ్చు ప్రార్థనలను కాదన్నారు. కానీ లేఖనంలో ఆజ్ఞ ఎక్కడుంది అన్నది వాళ్ల ప్రశ్న. ఇప్పటి ప్రశ్న అది కాదు, ఇందులో నిజాయితీ ఉందా అన్నది. ఆజ్ఞ స్థానంలో నిజాయితీ వచ్చి కూర్చుంది. అది రొమాంటిక్ విలువ. పెంతెకొస్తు కూటాలకు, ఈనాటి స్తుతి ఆరాధనకు వేరే మూలాలు, వెస్లీ నుంచి, నల్లజాతి అమెరికన్ సంఘాల నుంచి వచ్చినవి, బలంగా ఉన్నాయి. అయినా కీబోర్డు మీద మెల్లగా ఒకే శ్రుతి సాగుతుండగా, పాడించే సహోదరుడు కళ్లు మూసుకుని "మీ హృదయం లోతుల్లోంచి" అన్నప్పుడు ఆ మాట వెనక రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ ఆదివారం ఏమీ అనిపించని మనిషి ఇంటికెళ్తూ తన భక్తి మీదే అనుమానం పెంచుకుంటే, ఆ టెన్షన్‌కు కూడా అదే చరిత్ర. మూడ్ వేరు, ఎరుక వేరు అన్న ష్లైర్‌మాకర్ మాట గాలికి పోయిన ఫలితం ఆ మనిషి మోస్తున్నాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, డిప్రెషన్‌లో ఉన్న కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు.

విమర్శకులు మొదట్నుంచీ ఉన్నారు. ఆధారపడ్డానన్న అనుభూతే మతమైతే అందరికన్నా మంచి క్రైస్తవుడు కుక్కే అని జర్మన్ తత్వవేత్త హెగెల్ 1822లో రాశాడు. ఆ మాట మంటే గానీ న్యాయం కాదు. 20వ శతాబ్దపు స్విస్ వేదాంతి కార్ల్ బార్త్ విమర్శ లోతైనది. మనిషి గురించి గొంతు పెంచి మాట్లాడినంత మాత్రాన దేవుని గురించి మాట్లాడినట్టు కాదన్నాడు. జీవితమంతా ష్లైర్‌మాకర్‌తో పోట్లాడి, తాను పోయిన 1968లోనే మళ్లీ ఆయన గురించి రాస్తూ తీర్పును తెరిచి ఉంచాడు. కాథలిక్ వైపు వేదాంతి రొమానో గ్వార్దిని 1918లో మరో మాట చెప్పాడు. ఆరాధన క్రమంలో భావం ఉంది, కానీ నివురు కింద నిప్పులా ఉంది, పైన ఆలోచన నడిపిస్తుంది అని. తెలిసి అన్నా తెలియక అన్నా ఇది కేబుల్ మాటకు తోబుట్టువు.

ఈ చరిత్ర తెలుగు నేల మీద కూడా రాయిగా నిలబడి ఉంది. మెదక్ కెథెడ్రల్‌ను వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. గోపురం 175 అడుగులు. లోపల రంగుగాజు కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. పగలు సూర్యుడు బయట ఉన్నంతసేపే ఆ బొమ్మలు లోపలివాళ్లకు కనిపిస్తాయి. పొద్దు గూకితే అదే గాజు నల్లటి గోడ. కోల్‌రిడ్జ్ ప్రతీక గురించి చెప్పినదాన్ని ఇంతకన్నా బాగా చూపే చోటు వెతికినా దొరకదు. ఆశ్చర్యం ఏమిటంటే ఇది మెథడిస్టులు కట్టింది. వెస్లీ గుడిగోడలు వదిలి పొలాల్లో, గనుల దగ్గర ప్రసంగించినవాడు. ఆయన వారసులు తెలంగాణలో గోతిక్ గోపురం లేపారంటే, కామ్డెన్ కుర్రాళ్ల నమ్మకం తమ గుంపు దాటి ఎంత దూరం పాకిందో అర్థమవుతుంది.

డోర్నకల్‌లో దారి వేరు. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ వి. ఎస్. అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. దానిలో గుడి మండపాల స్తంభాలున్నాయి, మసీదుల తీరు గుమ్మటాలున్నాయి. ప్రతి జాతికీ తనదైన పాట, తనదైన గొంతు ఉంటాయన్న జర్మన్ ఆలోచనాపరుడు హెర్డర్ ఆలోచన, ఆయన జానపద గీతాల సంకలనం 1778–79 నాటిది, మిషనరీ లోకంలో అప్పటికి బాగా నాని ఉంది. అజరయ్యను నడిపించింది మాత్రం జర్మన్ పుస్తకాలు కాదు. ఈ ఊళ్ల మనుషులు తమదనుకుని అడుగుపెట్టే మందిరం ఉండాలన్న పట్టుదల.

పాట విషయంలో ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనల్లో పొంగే ఆర్తి ఐరోపా నుంచి దిగుమతి అయింది కాదు. అది ఈ నేల కీర్తన సంప్రదాయం ఇచ్చింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. కన్నీళ్లు పెట్టించే చరణానికి కూడా ముందే ఒక తాళం ఉంది. గుండె బరువెక్కినా మళ్లీ పల్లవి దగ్గరికి రావాల్సిందే. కేబుల్ చెప్పదలుచుకున్నది ఇక్కడ ఎవరూ చెప్పకుండానే జరుగుతూ వచ్చింది. అదే తెలుగు సంఘాలు, 1818లో ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో గిటారు మీద మొదటిసారి పాడిన పాటను ప్రతి క్రిస్మస్‌కూ 'శుద్ధరాత్రి'గా పాడుకుంటాయి. మంచు దేశపు రొమాంటిక్ రాత్రి, కర్ణాటక రాగం ఒకే ఆరాధనలో పక్కపక్కన కూర్చుంటాయి. పాడేవాళ్లకు ఇబ్బందేమీ లేదు.

ష్లైర్‌మాకర్ దగ్గరికి ఒకసారి తిరిగి వెళ్లాలి. 1829 మార్చి 11న బెర్లిన్‌లో ఇరవై ఏళ్ల సంగీతకారుడు మెండెల్సన్, బాఖ్ రాసిన మత్తయి శ్రమగానాన్ని (మత్తయి సువార్తలోని క్రీస్తు శ్రమల కథకు కట్టిన సంగీతం) మళ్లీ వినిపించినప్పుడు శ్రోతల్లో ఆయన కూడా ఉన్నాడు. అదే ఏడాది అక్టోబరు చివర ఆయన తొమ్మిదేళ్ల కొడుకు నథానియేల్ చనిపోయాడు. సమాధి దగ్గర మాట్లాడింది తండ్రే. పరలోకాన్ని బొమ్మ కట్టి చూపించే ఓదార్పులు తనకు పనిచేయడం లేదని ఆ గుంపు ముందే ఒప్పుకున్నాడు. నేనున్నచోట వాళ్లూ ఉండాలి అన్న క్రీస్తు ప్రార్థన దగ్గర ఆగిపోయాడు.

1834 ఫిబ్రవరి 12న ఆయన వంతు వచ్చింది. మంచం చుట్టూ ఇంటివాళ్లు ఉన్నారు. ప్రభురాత్రి భోజనం ఏర్పాటు చేయమన్నాడు. రొట్టె, ద్రాక్షారసం తెచ్చారు. "ఇది మీకొరకైన నా శరీరము" అన్న పాత మాటలను, ఎవరి అనుభూతి నుంచీ పుట్టని మాటలను, తానే పలికి అందరికీ ఇచ్చాడు. ఈ వాక్యాల మీదే నిలబడి ఉన్నాను, ఇవే నా విశ్వాసానికి పునాది అన్నాడు. కొద్దిసేపటికి ఊపిరి ఆగింది.